దయ్యం చెప్పిందంటే ఎస్సై గారు రాసుకుంటారా?

బెజవాడ నుంచి ఒకమ్మాయి అడిగింది. బ్యాంకులో ఉద్యోగమట, రాత్రి పడుకునే ముందు ఫోన్లో ఇంగ్లీషు కోజీ మిస్టరీలు చదువుతుందట, అవే, చిన్న ఊరు, అందులో పుస్తకాల షాపో బేకరీయో నడుపుకునే ఒకావిడ, ఒక హత్య, ఆవిడకి సాయం చేసే దయ్యమో మాయపిల్లో. వాళ్ళన్నయ్యేమో "నువ్వింకా చందమామ దగ్గరే ఆగిపోయావే" అని వెక్కిరిస్తున్నాడట. "ఇవి నిజంగా పిల్లల పుస్తకాలేనా అంకుల్, కథ ఎటు తిరుగుతుందో ముందే తెలిసిపోతున్నా ఎందుకు వదల్లేకపోతున్నాను, ఒక్కోసారి చివరి పేజీ ముందు చదివేసి కూడా మళ్ళీ మొదటినుంచి చదువుతున్నా" అని.

అమ్మాయ్, నేను గుంటూరు బ్రాడీపేటలో అద్దె పుస్తకాల షాపు నడిపినోణ్ణి. మా నాన్న పెట్టిన షాపు, 1985లో నేను కౌంటర్లో కూర్చున్నా, 2003లో షట్టర్ దించేశా. మధ్యలో ఈ చేతుల మీదుగా ఎన్ని వేల పుస్తకాలు పోయాయో లెక్కలేదు, కొన్ని నిజంగానే పోయాయి, తిరిగి రాలేదు. కాబట్టి ఎవరు ఏ పుస్తకం ఎందుకు పట్టుకెళ్తారనే దాంట్లో నాకు కాస్త అనుభవం ఉందనే అనుకుంటా. మీ అన్నయ్య చందమామ అన్నాడు చూడు, ఆ మాట తెలిసన్నాడో తెలియకన్నాడో గానీ సగం కరెక్టే. ఆ సంగతి కాసేపాగి చెప్తా.

మన షాపుల్లో తిరిగిన డిటెక్టివ్ నవలలది వేరే దారి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, తర్వాత మధుబాబు గారి షాడో, ఇవన్నీ సిటీలు, పిస్తోళ్ళు, పరుగులు. మా షాపులో మగాళ్ళే ఎక్కువ తీసుకెళ్ళేవాళ్ళు, ఆడవాళ్ళు తీసుకెళ్ళినా "మా తమ్ముడికండీ" అనేవాళ్ళు. తులసిదళం తర్వాత చేతబడి పుస్తకాల గాలి వీచింది, వాటిల్లో కంటికి కనపడని శక్తి ఏదైనా ఉందంటే అది కుటుంబం మీద పడి పీక్కుతినేదే, సాయానికి వచ్చే రకం కాదు. దయ్యం పక్కన నిలబడి "ఆ డ్రాయర్ ఇంకోసారి చూడమ్మా" అనే పుస్తకం నా కౌంటర్ మీదకి ఎప్పుడూ రాలేదు. ఆ రకం నేను మొదట చూసింది షాపు మూసేశాక, బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కుప్పల్లో. అట్ట మీద పిల్లి, పక్కన టీ కప్పు, కేకు ముక్క. వంటల పుస్తకం అనుకుని మా ఆవిడ కోసం బేరమాడి కొన్నా. ఇంటికొచ్చి తెరిస్తే నాలుగో పేజీలో శవం, చివర్లో నిజంగానే కేకు ఎట్లా చెయ్యాలో రాసుంది.

మీ అన్నయ్య కోసం ఈ రకం పుస్తకం ఎట్లా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్తా. హత్య జరుగుతుంది కానీ మనం చూడం, తలుపు తీసేసరికి మనిషి పడి ఉంటాడు, అంతే. పోయినవాడు కూడా మామూలుగా ఊళ్ళో సగం మందికి అప్పు ఎగ్గొట్టినవాడో, అందరి గుట్టూ పట్టుకుని ఆడించినవాడో అయ్యుంటాడు కాబట్టి మనకి పెద్దగా దుఃఖం ఉండదు. పట్టుకునేది పోలీసు కాదు, తన పనేదో తాను చేసుకునే మనిషి, ఎక్కువగా ఆడమనిషి. 1930లో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ ని మొదటిసారి నవలలోకి తెచ్చింది, సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూరు, ఊళ్ళో జరిగేదంతా గమనిస్తుండే పెద్దావిడ. ఆవిడ పద్ధతి ఏందంటే ఎవరిని కొత్తగా చూసినా వాళ్ళ ఊళ్ళో ఫలానావాళ్ళతో పోల్చుకోవడం, దాన్నిబట్టి ఈ మనిషి ఏం చేసుంటాడో లెక్కగట్టడం. మా నాయనమ్మ కూడా అంతే, ఏ పెళ్ళిసంబంధం వచ్చినా "అచ్చం ఫలానా వాళ్ళ రెండోవాడి మాటతీరేరా, వద్దు" అని తేల్చేసేది, ఎక్కువసార్లు కరెక్టయ్యేది కూడా. అదీ చిన్న ఊరి బలం. అక్కడ వేలిముద్రలు అక్కర్లేదు, ఎవరు ఏ టైముకి పాలకెళ్తారో తెలిసినవాళ్ళు పదిమంది ఉంటారు. కాకపోతే ఊరు చిన్నదయ్యేకొద్దీ శవాలు ఎక్కువైనట్టు కనపడతాయి, అమెరికాలో 1984 నుంచి 1996 దాకా మర్డర్ షీ రోట్ అని టీవీలో వచ్చింది, అందులో కాబట్ కోవ్ అనే సముద్రం పక్క ఊళ్ళో ఎంతమంది పోయారంటే, ఇంకా అక్కడ జనం ఇళ్ళు ఎట్లా కొంటున్నార్రా బాబూ అని నవ్వుకుంటారు.

ఇంక దయ్యం దగ్గరికి వద్దాం. అసలు డిటెక్టివ్ కథలోకి దయ్యం రాకూడదనేది పాత రూలు. 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అని ఒక కేథలిక్ ఫాదర్, తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడే, పది రూల్స్ రాసిపెట్టాడు, అందులో రెండోదే మానవాతీత శక్తుల్ని ఒప్పుకోం అని. రహస్య గదులు, దారులు కూడా ఒకటికి మించి వద్దన్నాడు పాపం. 1930లో అక్కడి రచయితలు డిటెక్షన్ క్లబ్ అని పెట్టుకుని, చేరే ప్రతివాళ్ళ చేతా దైవవాక్కుల మీదా గారడీల మీదా ఆధారపడనని ప్రమాణం చేయించేవాళ్ళు. చర్చి ఫాదరే దయ్యాల్ని గేటు బయట నిలబెట్టాడు, తమాషా కదా. కానీ ఆయన భయం న్యాయమైందే. దయ్యం గోడల్లోంచి దూరిపోతుంది, అన్నీ చూస్తుంది, మొదటి చాప్టర్లోనే "డాక్టరే చంపాడు" అని చెప్పేస్తే మిగతా రెండొందల పేజీలు ఎందుకు, విసనకర్రకా?

అందుకని ఈ కోజీలు రాసేవాళ్ళు ఏం చేశారంటే, దయ్యాన్ని రానిచ్చారు కానీ చేతులు కట్టేసి రానిచ్చారు. నువ్వు వదల్లేకపోతున్నది ఆ కట్టేసిన తాడు వల్లే అని నా లెక్క. ఒక్కొక్కటీ చూడు. ఆలిస్ కింబర్లీ పేరుతో 2004లో మొదలైన సిరీస్ ఉంది, పెనెలొపీ అని భర్త పోయినావిడ, కొడుకుని తీసుకుని రోడ్ ఐలండ్ లో ఒక చిన్న ఊరికొచ్చి అత్తయ్యతో కలిసి పుస్తకాల షాపు నడుపుకుంటుంది, ఆ షాపులోనే 1949లో చచ్చిపోయిన జాక్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ దయ్యమై ఉంటాడు. మహా తెలివైనోడు, నోటికి అడ్డులేదు, కానీ గడప దాటలేడు, దాటాలంటే అతని పాత నాణెం ఒకటి ఆవిడ వెంట పట్టుకెళ్ళాలి. నాన్సీ ఎథర్టన్ 1992లో మొదలుపెట్టిన ఆంట్ డిమిటీ అయితే అసలు కనపడదు, మాట్లాడదు, ఒక నీలం నోట్ బుక్ తెరిస్తే అందులో అక్షరాలు వాటంతటవే పడతాయి, ఉత్తరాల్లో కబుర్లు చెప్పుకున్నట్టే. కరోలిన్ హార్ట్ 2008లో తెచ్చిన బెయిలీ రూత్ స్వర్గం నుంచి డ్యూటీ మీద కిందకొస్తుంది, పైన ఒక ఆఫీసరు, చేతిలో రూల్స్ కాగితం, ఎవరికంటా పడకూడదు, వెనకుండి పని చక్కబెట్టాలి అని, ఆవిడ ఆ రూల్స్ ఒక్కొక్కటే తప్పుతూ పోతుంది. దయ్యాలక్కర్లేదు, రీటా మే బ్రౌన్ 1990లో మొదలుపెట్టిన పుస్తకాల్లో ఒక పోస్టాఫీసు నడిపే ఆవిడ పిల్లీ కుక్కా కలిసి కేసు తేల్చేస్తుంటాయి, వాటిలో అవి చక్కగా మాట్లాడుకుంటాయి, మనుషులకి మాత్రం మ్యావ్ అనే వినపడుతుంది. ఆ పుస్తకాల అట్ట మీద సహరచయితగా పిల్లి పేరు కూడా వేస్తారు, అది మాత్రం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

ఇప్పుడు కథలో ఏం జరిగిందో చూడు. దయ్యం ఏదో చూసింది, ఆవిడకి చెప్పింది. ఆవిడ స్టేషన్ కి వెళ్ళి ఏమని చెప్తుంది? "నీకెవరు చెప్పారమ్మా" అంటే "1949లో పోయినాయన చెప్పాడండీ" అంటే ఎస్సై గారు ఏమని రాసుకుంటారు? అందుకని తెలిసిన విషయాన్ని కూడా తెలియనట్టు మళ్ళీ మొదటినుంచి వెతకాలి, ఇంటింటికీ పోయి కేకు పట్టుకెళ్ళిన వంకతో కూర్చుని మాటల్లో పెట్టి రాబట్టాలి. మామూలు డిటెక్టివ్ కథలో ఎవరు చంపారు అనేది ఒక్కటే ప్రశ్న, ఇందులో తెలిసినదాన్ని నలుగురూ ఒప్పుకునేట్టు ఎట్లా బయటపెట్టాలి అనేది రెండో ప్రశ్న. చివరి పేజీ ముందే చదివినా నీకు నష్టం రాకపోవడం ఇందుకే, రెండో ప్రశ్నకి జవాబు చివరి పేజీలో ఉండదు కదా, దారి పొడుగునా ఉంటుంది.

ఇప్పుడు చందమామ. 1947లో మొదలైన పత్రిక, అందులో భేతాళ కథలు దశాబ్దాల తరబడి వచ్చాయి, శంకర్ గారి బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం, మన తరంలో అది కళ్ళల్లో లేనివాడు ఉండడు. మూలం చాలా పాతది, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో పాతిక భేతాళ కథలుంటాయి. మనం దాన్ని దయ్యం కథ అనుకుంటాం గానీ ఆ భేతాళుడు ఏం చేస్తున్నాడో చూడు, రాజుకి కేసు చెప్తాడు, సాక్ష్యాలన్నీ పెడతాడు, తీర్పు మాత్రం చెప్పడు, నువ్వే చెప్పు అంటాడు, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి నేను చెట్టెక్కేస్తా అంటాడు. తాడు కట్టిన దయ్యమే కదా. చివరి చిక్కుప్రశ్నకి రాజుకి జవాబు తెలియక నోరు మూసుకుని నడుస్తుంటే అప్పుడు మెచ్చుకుని అసలు సంగతి విప్పుతాడు, నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటాడు, నాకు చేతకాదు నువ్వు చేసి చూపించు అను అని. అంటే ఇన్నాళ్ళూ రాజు వీపెక్కి ఊరేగినవాడు రాజు పక్షమే. మీ అన్నయ్యకి ఇది చెప్పు, నువ్వు చందమామ దగ్గర ఆగిపోలేదు, ఇంగ్లీషువాళ్ళే ఇన్నాళ్ళకి చందమామ దగ్గరికొచ్చారు.

ఇంకోటుంది, ఇది పుస్తకాల కిటుకులకి సంబంధించింది కాదు. మా షాపుకి రోజూ సాయంత్రం నాలుగింటికి ఒకావిడ వచ్చేవారు, పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి, భర్త పోయారు, పిల్లలు హైదరాబాదు. ఆవిడ పుస్తకం తీసుకునే పద్ధతి వింతగా ఉండేది, పేరు చూడరు, రచయిత చూడరు, పేజీలు గబగబా తిప్పి కొటేషన్ మార్కులు ఎక్కువున్నాయా లేదా చూస్తారు. "మాటలెక్కువున్నది ఇవ్వు బాబూ, వర్ణనలొద్దు." కళ్ళు సరిగా ఆనక, పేరాలు చిన్నగా ఉన్నవి అడుగుతున్నారేమో అనుకున్నా. తర్వాత ఆవిడ పక్క వాటాలో ఉండే అమ్మాయి చెప్పింది, రాత్రిళ్ళు పైకి చదువుతారట, ఒకళ్ళ మాట ఒక గొంతుతో, ఇంకొకళ్ళది ఇంకో గొంతుతో.

ఆవిడకి ఆ రోజుల్లో ఈ దయ్యం పుస్తకాలు తెలుగులో దొరికి ఉంటేనా, రోజుకి రెండు పట్టుకెళ్ళేవారు. ఈ కథల్లో ఉండే ఆడమనిషిని చూడు, విధవో, విడాకులైందో, ఉద్యోగం పోయి సొంతూరికి తిరిగొచ్చిందో, రాత్రి షాపు తాళమేశాక మాట్లాడటానికి మనిషి ఉండదు. అక్కడ ఈ దయ్యం కేసు మాట్లాడుతుంది, మధ్యమధ్యలో "ఇవాళ తిన్నావా" అన్నట్టు ఉంటుంది దాని వరస. మనకైతే ఇది వింతేం కాదు, సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి విస్తరేసి, అరగంట తలుపు దగ్గరగా వేసి బయట కూర్చునేవాళ్ళం మనం. పోయినవాళ్ళు ఇంట్లో ఒక మూల ఉంటారనే మాటకి మనకి భయం వెయ్యదు.

నా సొంత కేసు ఒకటుంది, చెప్పి తీరాలి. 1991లో మా నాన్న పోయారు. రెండేళ్ళ తర్వాత మా షాపులో ఒక దిక్కుమాలిన గొడవ మొదలైంది, డిటెక్టివ్ పుస్తకం తెరిస్తే మూడో పేజీలో పెన్సిల్ తో హంతకుడి పేరు రాసుంటుంది. సన్నటి అక్షరాలు, కింద గీత. పాతిక పేజీలు చదివి వచ్చి పుస్తకం నా మొహాన కొట్టినవాళ్ళున్నారు, "ఏందయ్యా ఇది, డబ్బులు తీసుకుని నువ్వే చెప్పేస్తావా" అని. లెక్కేస్తే పద్నాలుగు పుస్తకాలు తేలాయి. రబ్బరు పెట్టి తుడిచా, వారం తిరక్కుండా ఇంకో రెండు. సరే అని ఒక ఆదివారం రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా, ఆ పద్నాలుగూ ఎవరెవరు తీసుకెళ్ళారో పక్కన రాసుకుంటూ పోయా. పద్నాలుగూ తీసుకెళ్ళిన మనిషి ఒక్కడూ లేడు. ఎనిమిది తీసుకెళ్ళినవాళ్ళు ఇద్దరు, ఆరు తీసుకెళ్ళినవాళ్ళు నలుగురు. ఎనిమిదివాళ్ళలో ఒకాయన టీచరు, నాకు అనుమానం ఆయన మీదే, పుస్తకంలో తప్పులు దిద్దే మనిషి కదా అని. రెండు వారాలు ఆయనకి కొత్త పుస్తకాలు ఇవ్వకుండా దాచా కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో అటక మీద నాన్న పాత రిజిస్టర్ దొరికింది. ఆయనకొక అలవాటు, మెంబరు పేరు పక్కన ఎర్ర ఇంకుతో చిన్న ముక్కొకటి రాసేవారు. "పేజీలు మడుస్తాడు." "కాఫీ." "పిల్లాడికి ఇవ్వొద్దు, బొమ్మలు కత్తిరిస్తాడు." ఒక కాలేజీ కుర్రాడి పేరు పక్కనా, వేరే పేజీలో ఒక ఇల్లాలి పేరు పక్కనా ఒకటే మాట ఉంది: "ఒకటే ఇల్లు. చదివేది పెద్దాయన." గబగబా నా లెక్క తీసి చూస్తే కుర్రాడు ఎనిమిది, ఆవిడ ఆరు, ఒక్కటి కూడా రెండుసార్లు లేదు. మనిషి పోయి రెండేళ్ళయింది, పేరు చెప్పలేదు, ఎక్కడ చూడాలో మాత్రం చెప్పారు.

సాయంత్రం సైకిలేసుకుని వాళ్ళింటికి వెళ్ళా. పెద్దాయన వరండాలో పడక్కుర్చీలో, ఒళ్ళో మాదే పుస్తకం, చెవి మీద పెన్సిల్. ఇంక అడిగేదేముంది. నేను నోరు తెరవకముందే కోడలు లోపల్నించి వచ్చి మెల్లగా చెప్పింది, ఆయనకి మతిమరుపు ముదిరిందట, చదివిందే మళ్ళీ పట్టుకొస్తే సగం చదివాక గుర్తొచ్చి ఇంటిమీద అరిచేవారట. అందుకని తనే కనిపెట్టుకున్న ఉపాయం, మొదట్లోనే హంతకుడి పేరు రాసుకుంటే తెరవగానే తెలిసిపోతుంది కదా అని. "టిక్కు పెట్టుకోవచ్చు కదండీ" అన్నా. "టిక్కులు ఊరందరూ పెడతారోయ్, అందులో నాదేదో నాకేం తెలుసు" అన్నారు. నిజమే, అద్దె పుస్తకం నిండా అందరి గుర్తులూ ఉంటాయి. బేరమాడుకుని ఇరవైఒకటో పేజీలో చిన్న నిలువు నామం పెట్టేట్టు ఒప్పందం చేసుకున్నాం. టీచరుగారికి ఆ నెల అద్దె మాఫీ చేశా, ఎందుకో చెప్పలేదు.

ఇందులో హత్య లేదు గానీ నీ పుస్తకాల రుచి మొత్తం ఇదే. తప్పు చేసినవాణ్ణి కనిపెట్టడానికి వాడి ఇంట్లో ఎవరు ఏం చదువుతారో తెలిస్తే చాలు, కనిపెట్టాక ఊరు మళ్ళీ ఊరిలాగే ఉంటుంది, రేపు మళ్ళీ అందరి మొహాలూ అందరం చూసుకోవాలి.

అన్నీ బాగుంటాయని మాత్రం చెప్పను. ఒక సిరీస్ లో ఆరో పుస్తకం దాటితే చాలావరకు చప్పబడిపోతాయి, తాడు వదులైపోతుంది, మొదటి పుస్తకంలో గడప దాటలేని దయ్యం పదో పుస్తకంలో కారెక్కి తిరుగుతుంటుంది. దయ్యానికి ఉన్నట్టుండి కొత్త శక్తి వచ్చి చివరి చాప్టర్లో కేసు తేల్చేసిందా, ఆ పుస్తకం అక్కడే పడెయ్. హీరోయిన్ కి ఇద్దరు మగాళ్ళలో ఎవరు కావాలనే గొడవ సగం పుస్తకం నడిచినా అంతే. వంటల పేజీలు మాత్రం వదలకు, ఒకటి మా ఆవిడ ప్రయత్నించింది, బాగానే వచ్చింది, ఓవెన్ లేక ఇడ్లీ కుక్కర్లో చేసింది.

తెలుగులో ఎవరన్నా రాస్తే చదవాలని నా ఆశ. పుస్తకాల షాపూ బేకరీ వద్దు, బెజవాడలోనో తెనాలిలోనో ఒక కర్రీ పాయింట్ పెట్టండి. ఆవిడకి తెలియనిది ఏముంటుంది చెప్పు, ఏ ఇంట్లో వంట మానేశారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు అలిగారు, అన్నీ ప్యాకెట్ల లెక్కలోనే ఉంటాయి. ఒంటరిగా ఉండే మనిషి మూడు రోజుల్నించి రెండు సాంబార్లు, రెండు పప్పులు పట్టుకెళ్తున్నాడంటే లోపల రెండోవాళ్ళు ఎవరు? కథ అక్కడ మొదలుపెట్టొచ్చు. దయ్యంగా ఆవిడ అత్తగారిని పెట్టండి, పోయినా వంటింట్లోంచి కదలనావిడ, హంతకుడి గురించి అడిగితే "ముందు ఆ పోపు మాడుతోంది చూడు" అనే రకం.

చివరి పేజీ ముందు చదివేస్తున్నా అన్నావు కదా. నాన్న రిజిస్టర్ ఇప్పటికీ నా దగ్గరుంది, మొన్న నీ ప్రశ్న చదివాక మళ్ళీ తీశా. అందులో మెంబర్ల వరసలో నా పేరు కూడా రాశారాయన, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటిది. పక్కన ఎర్ర ఇంకుతో: "డబ్బులివ్వడు. చివరి పేజీ ముందు చూస్తాడు."